మెత్తటి బోల్టు

చలికాలంలో మా వైపు ఒక మనిషి బాగున్నాడో లేదో తెలుసుకోవడానికి ఎవరూ తలుపు కొట్టరు. రోడ్డు మీద పోతూ పోతూ అతని వాకిలి దారి వైపు ఒక చూపు చూస్తారు. గుమ్మం నుంచి రోడ్డు దాకా మంచు తీసి ఉంటే ముందుకు సాగిపోతారు. మధ్యాహ్నం దాటినా తీయకుండా ఉంటే అప్పుడు బండి ఆపుతారు.

మా మామయ్య వాల్ఫ్రిడ్ కుర్టి ఇంటి ముందు అలా బండి ఆపాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. సరస్సు మీంచి వచ్చిన మంచు కిటికీల దాకా పేరుకున్న రోజుల్లో కూడా ఆయన దారి అంచులు కత్తితో కోసినట్టు ఉండేవి. ఆయన పని చేసింది కూడా మంచుతోనే. రిటైరయ్యేదాకా కౌంటీ రోడ్ల శాఖ వాళ్ల మంచు తోసే లారీ నడిపాడు. లారీ రోడ్డు తీస్తూ పోతుంటే పక్కకు పడే మంచంతా జనం వాకిళ్లకు అడ్డంగా గట్టు కడుతుంది. ఆ గట్టును తిట్టుకోని ఇల్లు మా ఊళ్లో లేదు. రిటైరయ్యాక అదే గట్టు ఆయన వాకిలికీ పడసాగింది. "ఇన్నేళ్లూ ఊరందరికీ పోశావు, ఇప్పుడు నీ వంతు, తవ్వుకో" అని విడిభాగాల కొట్టు జీనో నవ్వేవాడు. మామయ్య కూడా నవ్వేవాడు. "నేను పోసింది గట్టు. ఇప్పుడొచ్చిన కుర్రాడు పోసేది కొండ" అనేవాడు.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "చలికాలం తీరిక లేదు, వేసవి మరీ చిన్నది" అని చెప్పేవాడు. చిన్నప్పుడు నేనది నిజమనే నమ్మాను.

ఆయన ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతల, టెర్వో వాళ్ల ఇల్లు. ఆర్నె టెర్వో, మామయ్య స్నేహితులు. పట్నంలో ఒకే కొట్టుకు ఒకేరోజు వెళ్లి, మంచును లాక్కుని దూరంగా ఎగజిమ్మే పెట్రోలు మిషన్లు, ఒకేలాంటివి రెండు, కొనుక్కొచ్చారు. ఎర్ర రంగు, పెద్ద చక్రాలు, ముందు నోట్లో తిరిగే ఇనప చుట్లు. ఆర్నె చనిపోయిన ఏడాది తొలి మంచు పడ్డ పొద్దున, మామయ్య తన మిషను రోడ్డు దాటించి, ముందు ఆర్నె భార్య ఐలీ వాకిలి దారి తీసి, తర్వాత వచ్చి తనది తీసుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. అప్పటి నుంచీ ప్రతి మంచుకూ అదే వరస.

మా దగ్గర ఇలాంటి పనికి కృతజ్ఞతలు చెప్పడం ఉండదు. చెబితే చేసినవాడికి ఇబ్బంది. ఐలీ శనివారం పొద్దున యాలకుల రొట్టె చేసి, గళ్ల గుడ్డలో చుట్టి, మామయ్య పోస్టు డబ్బా మీద పెట్టి వెళ్లేది. సోమవారానికి ఆ గుడ్డ ఉతికి మడతపెట్టి ఆవిడ డబ్బా మీద ఉండేది. ఇద్దరూ రోడ్డుకు ఇటూ అటూ నిలబడి చెయ్యెత్తేవాళ్లు. అంతకు మించి మాట్లాడుకోగా నేను చూడలేదు.

"చెయ్యెత్తింది చాలు, ఇక నోరెత్తరా" అనేది మా అమ్మ. అమ్మ పేరు హెల్మి. మామయ్యకు అక్క.

"ఏమని ఎత్తనక్కా?"

"రొట్టె బాగుందనైనా చెప్పు."

"బాగుందని ఆవిడకి తెలీదా?"

ఐలీ ఒక వేసవి చివర, మంచం పట్టకుండానే పోయింది. కొడుకు డేల్ దక్షిణాన ఎక్కడో ఉద్యోగం. వచ్చాడు, అంత్యక్రియలు చేశాడు, ఇంటికి తాళం వేసి వెళ్లిపోయాడు. నవంబరులో మంచు పడింది. పొద్దున మామయ్య మిషను తీసి, రోడ్డు దాటించి, ముందు ఆ ఖాళీ ఇంటి దారి తీశాడు. అమ్మకు ఎవరో చెప్పారు. ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఎవరి కోసంరా అది?"

"మంచు పడిందక్కా."

"పడితే?"

"తీశాను."

ఆ ఏడాదే, ఐలీ పోకముందు, వసంతంలో మామయ్య వెనక మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. తర్వాత కంటి ఆపరేషన్ అయింది, కారు నడపడం మానేశాడు. అమ్మ అప్పటికే హాన్‌కాక్‌లో, వయసు మళ్లినవాళ్ల కోసం కట్టిన ఫ్లాట్లలో ఉంటోంది. తమ్ముణ్ణి కూడా అక్కడికి రమ్మని పట్టుబట్టింది. లిఫ్టుంది, ఆవిరి స్నానపు గది ఉంది, బుధవారాలు చేపల పులుసు పెడతారు. ఆవిడ పోరు పడలేక మామయ్య ఒక మాటిచ్చాడు: "నా వాకిలి దారి నేను తీసుకున్నన్నాళ్లూ ఇక్కడే ఉంటా. తీయలేని రోజు, నువ్వు అడక్కముందే సంచీ సర్దుకొని వస్తా." మామయ్య మాటిచ్చాడంటే అది రాతి మీద గీత. అమ్మకు అది తెలుసు కాబట్టే ఆ తర్వాత నోరు మెదపలేదు. మంచు పడిన ప్రతి మధ్యాహ్నం ఫోన్ చేసి ఒక్క మాట అడిగేది. "తీశావా?"

జనవరిలో ఒక ఆదివారం నేను సరుకులు తీసుకుని వెళ్లేసరికి మామయ్య ఐలీ వాకిట్లో ఉన్నాడు. మిషను ఇంజను ఆడుతోంది. మంచు మాత్రం ఎగరడం లేదు. ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఏమైంది మామయ్యా? పెట్రోలా?"

"పెట్రోలైతే ఇంజను ఆగాలి కదే పిల్లా. ఆగలేదు. బెల్టు తెగితే వెనక ఫ్యాను ఆగాలి. చూడు, తిరుగుతోంది." వంగి ముందు నోట్లోకి చూపించాడు. "ముందు చుట్లు ఆగిపోయాయి. మామూలుగా అయితే బోల్టు తెగిందనుకోవాలి."

"తెగిందా?"

"తెగలేదు" అన్నాడు. "అదే వచ్చిన చావు."

ఆ మిషనుకు ముందు తిరిగే ఇనప చుట్లను ఇరుసుకు పట్టి ఉంచేవి రెండు మెత్తటి బోల్టులు. రాయో కట్టెముక్కో లోపల ఇరుక్కుంటే ఆ బోల్టు పుటుక్కున తెగిపోతుంది. చుట్లు ఆగిపోతాయి, లోపలి గేర్లు బతికిపోతాయి. కొత్త బోల్టు వేసుకుంటే మళ్లీ పని సాగుతుంది. అది తెగడానికే పెట్టిన బోల్టు. తెగుతోందని విసిగి దాని చోట గట్టి ఉక్కు బోల్టు వేసేవాళ్లు ఊళ్లో ఏటా ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లందరినీ మామయ్య పేరుపేరునా తిట్టేవాడు. ఆ వారమంతా మంచు ఎడతెరిపి లేకుండా పడింది. ఆయన డబ్బాలో మెత్తటి బోల్టులు అయిపోయాయి. ఆదివారం కొట్టు ఉండదు. ఈ ఒక్క పూటకేలెమ్మని, షెడ్డులో దొరికిన ఉక్కు బోల్టులు వేశాడు.

చుట్ల మధ్య ఇరుక్కున్నదాన్ని గునపంతో ఊడదీస్తే అది రాయి కాదు. ప్లాస్టిక్ సంచీలో చుట్టిన వార్తాపత్రికలు. ప్రతి వారం ఎవరో కారులోంచి ఇంటింటికీ విసిరిపోయే ఉచిత పత్రిక. ఐలీ వాకిట్లో తీసేవాళ్లు లేక, ఒకదాని పక్కన ఒకటి పడి, తడిసి, గడ్డకట్టి, దుంగలా తయారైంది.

"బతికున్న ఇంటి ముందు పేపరు కింద ఉండిపోదు" అన్నాడు మామయ్య. "అది నాకు తట్టలేదు చూడు."

ఆ గడ్డను రోడ్డు పక్కకు విసరబోయి, మళ్లీ ఏమనుకున్నాడో, ఆవిడ వరండా మెట్ల మీద పెట్టి వచ్చాడు.

మిషను ముందుభాగం విప్పి, గేరుపెట్టెను వంటింటి బల్ల మీదికి తెచ్చాం. పెట్టె తెరిచి గ్రీజులో వేలు పెట్టి దీపం కింద చూపించాడు. వేలికి బంగారు రవ్వలాంటి పొడి అంటుకుంది. కంచు గేరు. ఒక వైపు పళ్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

"మా నాన్న భూమి కింద రాగి తవ్వి తవ్వి చచ్చాడు" అన్నాడు, వేలు గుడ్డకు తుడుచుకుంటూ. "ఇవాళ ఒక్క గేరుకు గుప్పెడు కావాలంటే నాకు దొరకదు."

మర్నాడు మామయ్యను పట్నంలో జీనో కొట్టుకు తీసుకెళ్లాను. జీనో ఆ గేరును తిప్పి తిప్పి చూశాడు.

"ఇది చేసిన కంపెనీ మూతపడి నా జుట్టు ఊడినన్నాళ్లయింది. మోడల్ నంబరు చెప్పు."

"రేకు మీది నంబరు ఉప్పు తినేసింది."

"మంచు కరగడానికని ఆ ఉప్పు రోడ్డు మీద చల్లిందెవరు?"

"నేనే. నంబరు నీకు గుర్తులేదా? అమ్మింది మీ నాన్నే కదా."

"మా నాన్న నీకు అమ్మినవన్నీ గుర్తుపెట్టుకుంటే నేను పెళ్లాం పేరు మర్చిపోవాలి" అంటూనే జీనో ఫోన్ పట్టుకున్నాడు. పాత మిషన్లు కొని విడదీసి అమ్మేవాళ్లందరినీ అడిగాడు. చివరికి ఒకచోట ఉందన్నారు. అది తెప్పిస్తానన్నాడు. మెత్తటి బోల్టులు గుప్పెడు మామయ్య చేతిలో పోసి, "ఇవి ముందే వేసి ఉంటే..." అని మొదలుపెట్టి, మామయ్య మొహం చూసి ఆపేశాడు.

గేరు రావడానికి రోజులు పట్టింది. ఈలోగా మంచు ఆగలేదు. మామయ్య వెడల్పాటి తోపుడు పారతో చేత్తో తీయడం మొదలుపెట్టాడు. తన దారి, ఎదురింటి దారి. నేను వెళ్లినప్పుడల్లా ఆయన మొహం బూడిద రంగులో ఉండేది. కాసేపు తోసి, పార మీద వాలి, రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాడు. ఎవరైనా కారులో పోతే గబుక్కున వంగి పని చేస్తున్నట్టు కనిపించేవాడు.

"ఎదురింటిది మానెయ్ మామయ్యా. అక్కడ ఎవరున్నారని?"

"తీయకపోతే ఎవరూ లేరని తెలిసిపోతుంది" అన్నాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగేది. అమ్మ గొంతు నాక్కూడా వినిపించేది.

"తీశావా?"

"తీశా."

"దేంతో?"

"చేత్తో."

"చేత్తో ఎన్నాళ్లురా? ఇక్కడ మూడో అంతస్తులో ఒక ఫ్లాటు ఖాళీ అయింది. నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వం అన్నారు."

"సరే, నువ్వు దుప్పటి కప్పుకుని పడుకో" అని పెట్టేసేవాడు.

జీనో తెప్పించిన గేరు వచ్చింది. పాతదాని పక్కన పెట్టి దీపం కింద చూశాం. కొలత సరిపోయింది, కన్నం సరిపోయింది. మామయ్య దీపం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత రెండింటి పళ్ల మీదా గోరు పెట్టి గీశాడు. ఒకదాని వాలు కుడికి, ఇంకోదాని వాలు ఎడమకి.

"మన ఇరుసు మరతో ఇది కలవదు" అన్నాడు. "అన్నీ ఒకటే, వాలు ఒక్కటే తేడా. నేనూ మీ అమ్మా లాగ."

నవ్వాను కానీ ఆయన నవ్వలేదు. కొత్త గేరును మళ్లీ కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెట్టి, అటక మీంచి పాత సంచీ దింపాడు. అందులో ఏమీ సర్దలేదు. తలుపు పక్కన ఊరికే పెట్టాడు. తుపాను రాబోతోందని రేడియోలో చెబుతున్నారు. చేత్తో తీయగలిగిన మంచు కాదది.

తుపానుకు ముందు రోజు, ఎదురింటి ముందు ఒక కారు ఆగింది. డేల్. ఇల్లు అమ్మే ఏర్పాట్లు చూసుకోవడానికి వచ్చాడట. నేల కనిపించేలా తీసి ఉన్న దారిని, మెట్ల మీద పేపర్ల దుంగను చూసి, రోడ్డు దాటి మా దగ్గరికి వచ్చాడు.

"వాల్ఫ్రిడ్ గారూ, మీరేనా ఇంకా...?"

"కాఫీ తాగుతావా?" అన్నాడు మామయ్య.

బల్ల మీద పరిచిన గేరుపెట్టె ముక్కలు చూసి డేల్ అడిగాడు. మామయ్య చెప్పలేదు, నేను చెప్పాను. డేల్ కప్పు కింద పెట్టాడు.

"మరి నాన్న మిషను ఉందిగా, గరాజులో?"

మామయ్య తలెత్తాడు. "అది నువ్వు పట్టుకుపోలేదూ? ఆర్నె పోయినప్పుడు?"

"నాకెందుకండీ? మా ఊళ్లో మంచే పడదు."

ముగ్గురం రోడ్డు దాటాం. గరాజులో పాత దుప్పటి కింద ఉంది. దుప్పటి తీస్తే ఎర్ర రంగు మెరిసింది. ట్యాంకు ఖాళీ చేసి ఉంది, ఇనుముకు నూనె రాసి ఉంది. ముందు చుట్లకు మెత్తటి బోల్టులు సరిగ్గా ఉన్నాయి. హ్యాండిలుకు ఒక పొగాకు డబ్బా వేలాడుతోంది. దాని నిండా బోల్టులే.

"అమ్మ ఏటా అక్టోబరులో దీన్ని స్టార్ట్ చేసేది" అన్నాడు డేల్. "తాడు లాగి, కాసేపు ఆడనిచ్చి, మళ్లీ నూనె రాసి దుప్పటి కప్పేది. ఈ దారి తనే తీసుకోగలదు. ఒకసారి అడిగాను, వాడనిదాన్ని ఎందుకమ్మా ఇలా చూసుకుంటావు, ఆయనకి చెప్పి నువ్వే తీసుకోరాదా అని. 'పొద్దున్నే ఆయనకి వెళ్లడానికి ఒక చోటుండాలి కదరా' అంది."

మామయ్య వంగి బోల్టును వేళ్లతో తడిమాడు.

"అక్టోబరులో ఆ చప్పుడు వినేవాణ్ణి" అన్నాడు తలెత్తకుండానే. "నువ్వొచ్చావనుకునేవాణ్ణి, నీ బండి చప్పుడేమోనని."

"మొత్తం మిషను తీసుకుపొండి. నేనేం చేసుకుంటాను?"

"వద్దు. గేరు ఒక్కటి విప్పుకోనిస్తే చాలు."

"పనిచేసే మిషనుండగా..."

"అప్పుడు నాదాన్ని ఏం చేయను?" అన్నాడు మామయ్య, కోపంగా.

చీకటి పడకముందే ఆ గేరు విప్పి, ఐలీ మిషను పెట్టెను మళ్లీ మూసి, మరలన్నీ బిగించి, దుప్పటి కప్పి వచ్చాడు. పొగాకు డబ్బా మాత్రం డేల్ బలవంతాన ఆయన కోటు జేబులో వేశాడు. గేరు అచ్చు పోసినట్టు సరిపోయింది. కొత్త గ్రీజు, అది కారకుండా కొత్త సీలు, రెండు మెత్తటి బోల్టులు. మర్నాడు తుపాను రోడ్లన్నీ మూసేసింది. అది వెలిసిన పొద్దున కౌంటీ లారీ వెనకే నా బండిలో అమ్మను తీసుకొచ్చాను. దారంతా ఆవిడ రోడ్డు పక్క వాకిళ్లు చూస్తూ కూర్చుంది. ఒళ్లో ఫ్లాటు తాళంచెవి ఉన్న కవరు.

రెండు వాకిళ్లూ శుభ్రంగా ఉన్నాయి. మంచు గోడల మధ్య రెండు దారులు రోడ్డుకు అటూ ఇటూ ఎదురెదురుగా. మామయ్య ఎదురింటి దారిలో, మిషను కంటే ముందు నడుస్తూ, కాలితో మంచు తడుముతూ పేపర్ల కోసం వెతుకుతున్నాడు.

అమ్మ కారు అద్దం దించింది. "ఒరేయ్, టోపీ సరిగ్గా పెట్టుకో. చెవులు రాలిపోతాయ్."

"నువ్వు అద్దం ఎత్తుకో, పళ్లు రాలిపోతాయ్."

కవరును అమ్మ చేతిసంచీ అడుక్కి తోసేసింది. ఇంటికి పోదాం పదమంది. లోపలికి కూడా వెళ్లలేదు.

వేసవిలో ఆ ఇల్లు అమ్ముడుపోయింది. రిచీ బెల్మోర్ అనే అతను, భార్య, ఇద్దరు చంటిపిల్లలు. అతని ట్రక్కుకు ముందు మంచు తోసే పెద్ద రేకు ఉంది. తొలి మంచు పడిన పొద్దున మామయ్య లేచి, కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని తలుపు తెరిచేసరికి ఎదురింటి దారి తీసి ఉంది. తన దారి కూడా తీసి ఉంది. రిచీ ట్రక్కులోంచి చెయ్యెత్తాడు. మామయ్య కూడా చెయ్యెత్తాడు.

ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. ఫోన్ మోగింది.

"తీశావా?"

మామయ్య తలుపు వైపు చూశాడు. పాత సంచీ ఇంకా అక్కడే ఉంది. దాన్ని ఆయన మళ్లీ అటకెక్కించలేదు.

"లేదక్కా. ఎదురింటి కుర్రాడు తీసేశాడు. నేను లేచేలోపే." ఫోన్ మరో చెవికి మార్చుకున్నాడు. "మాట మాటే. ఎప్పుడు రమ్మంటావో చెప్పు."

అటువైపు నుంచి అమ్మ, "దారి తీసి ఉందా లేదా? ఎవరు తీశారని నేనెప్పుడైనా అడిగానా?" అంది. మళ్లీ, "యాలకులు ఉన్నాయా ఇంట్లో? పిల్ల చేత పంపిస్తా. పిండి బాగా పొంగనివ్వు, తొందరపడకు."

ఆ శనివారం మామయ్య జీవితంలో మొదటిసారి రొట్టె చేశాడు. పొంగలేదు. ఇటుకలా వచ్చింది. దాన్నే ఉతికిన గుడ్డలో చుట్టి రిచీ పోస్టు డబ్బా మీద పెట్టాడు. సోమవారం గుడ్డ తిరిగి వచ్చింది, మడత పెట్టకుండా. "కుర్రవాళ్లు, నేర్చుకుంటారు" అన్నాడు.

ఆ తర్వాత కూడా మంచు పడ్డ పొద్దున ఆయన మునుపటి వేళకే లేచేవాడు. కోటూ టోపీ పెట్టుకుని, వంటింటి కుర్చీలో కూర్చుని, బయట ట్రక్కు చప్పుడు వినేవాడు. అది ఆగాక కోటు విప్పేవాడు. "బాగానే తీస్తాడు" అన్నాడు ఒకసారి నాతో. "ఇంత పెందరాళే తీయకపోతే బావుండేది."

మరో రెండు చలికాలాలు అలా గడిచాయి. రెండోదాని చివర ఆయన పోయాడు. ఆ ఏడాదే అమ్మ కూడా. ఇల్లు ఖాళీ చేయడానికి అక్టోబరులో వెళ్లాను. షెడ్డులో ఎర్ర మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ట్యాంకు ఖాళీ, ఇనుముకు నూనె, చుట్లకు మెత్తటి బోల్టులు. హ్యాండిలుకు పొగాకు డబ్బా.

కాస్త పెట్రోలు పోసి తాడు లాగాను. వెంటనే అందుకుంది. ఆడనిచ్చాను. కాసేపటికి రోడ్డుకు అవతల రిచీ తన తలుపు తెరిచి, గుమ్మంలోకి వచ్చి, ఇటు చూస్తూ నిలబడ్డాడు.